శాలువా కొనేముందు ఈ ఉత్తరం చదువు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనుషుల డీఎన్‌ఏ మొత్తాన్ని చదివే జినోమ్ ల్యాబుల్లోకి మన ఊళ్ల పిల్లల్ని, తండాల పిల్లల్ని, ఆడపిల్లల్ని రానిచ్చి నిలబెట్టిన సైంటిస్టులకు ఏటా ఒక పురస్కారం ఇవ్వాలని నువ్వూ నీ తోటి స్కాలర్లూ అనుకుంటున్నారట. మొదటి ఏడు నల్లగొండలోనే చేస్తారట. సంతోషం సగం, టెన్షన్ సగం. బైపీసీ తీసుకున్నాక డాక్టర్ కాకపోతే దండగేనని మీ నాన్నను ఊరంతా భయపెట్టిన రోజులు నేను మర్చిపోలేదు. ఇవాళ నువ్వు ఇంకొకరికి శాలువా కప్పే దాకా వచ్చావు. గర్వం ఉండదా మరి? కానీ సన్మానాలు ఎట్లా చెడిపోతాయో చూసినదాన్ని, రాయక తప్పడం లేదు.

హాలు, మైకు, భోజనాల సంగతి మీకు తెలిసిందే. పెళ్లి ముహూర్తాలు లేని రోజు చూసుకోండి. నాయకుల్ని పిలవకండి, రెండు గంటలు లేటవుతుంది. ఆ ముచ్చట అంతే.

ఎందుకిస్తున్నారో మాత్రం మీలో మీరు బాగా మాట్లాడుకోండి. అమెరికాలో జాతీయ మానవ జినోమ్ పరిశోధన సంస్థ ఇలాంటి అవార్డు ఒకటి పెట్టింది, బెట్టీ గ్రాహం అనే ఆవిడ పేరు మీద. పరిశోధనలకు నిధులిచ్చే విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. నోబెల్ వచ్చినవాళ్లను పక్కనపెట్టి, ఫైళ్లు కదిలించే సీట్లో కూర్చుని దారి చేసిన ఆవిడ పేరు తీసుకున్నారు చూడు, అది నాకు నచ్చింది. ఆ దేశంలోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2011లో రిపన్ మాల్హి అనే శాస్త్రవేత్త ఆదివాసీ విద్యార్థుల కోసం వేసవి శిబిరం మొదలుపెట్టాడు. డీఎన్‌ఏ తీయడం, చదవడం ఒక్కటే కాదు, మా జనం రక్తం ఎవరు వాడాలి, దేనికి వాడాలి అన్న ప్రశ్న కూడా అక్కడ నేర్పుతారు.

మన దగ్గర దీని అవసరం నీకు నేను చెప్పాలా? జబ్బులకూ జన్యువులకూ ఉన్న సంబంధం మీద ప్రపంచమంతా జరిగిన అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు నూటికి 81 మంది యూరప్ మూలాలవాళ్లేనని 2016లో ఇద్దరు పరిశోధకులు లెక్కతీశారు. మన ఆపరేషన్ థియేటర్లలో పనికొచ్చే సంగతి ఆ లెక్కల్లో ఎట్లా దొరుకుతుంది? వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది. కండరాలు వదులు కావడానికి మత్తు డాక్టర్ ఇచ్చే ఒక ఇంజెక్షన్ వాళ్లకు తొందరగా దిగదు, ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ నుంచి తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ కలిసి 2017లో అచ్చువేసిన పరిశోధన ఇలాంటి సంగతులు మన దేశంలో ఎన్ని వర్గాల్లో దాగి ఉండొచ్చో చూపించింది. వెతకాలంటే ఆ ఇళ్ల నుంచి, ఆ గూడేల నుంచి వచ్చినవాళ్లు ల్యాబులో ఉండాలి. ఏ ప్రశ్న అడగాలో వాళ్లకు ముందు తడుతుంది.

మన జిల్లాల నుంచి మాత్రం శాంపిళ్లే ఎక్కువ పోయాయి. నల్లమల చెంచుల డీఎన్‌ఏ మీద 2003లోనే పెద్ద పరిశోధన పత్రం వచ్చింది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరోసిస్ అని ఎన్ని బృందాలు వచ్చి నీళ్లు, మూత్రం, ఎక్స్‌రేలు పట్టుకుపోయాయో! పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ సంస్థవాళ్లు ‘నల్లగొండ టెక్నిక్’ అని మన పేరే పెట్టారు. పేరు మనది, చేయి మాత్రం ఎవరిదో. చెంచుపెంటల నుంచి వచ్చి ల్యాబులో చుక్కలు కొలిచే పైపెట్ పట్టినవాళ్లు ఎందరు? ఈ ప్రశ్న మీ సభలో ఎవరైనా అడగాలి.

ఇక నా అసలు భయం చెబుతాను. ఓపికగా చదువు.

పాలమూరు దిక్కు ఒక డిగ్రీ కాలేజీలో పనిచేసేటప్పుడు మాకు బాటనీ సారు ఒకాయన ఉండేవాడు. మంచివాడు, మాట తక్కువ. ఆయన రిటైరైతే స్టాఫ్ కమిటీ సన్మానం పెట్టింది. పత్రం రాసినాయనకు భాష మీద పట్టుంది, కానీ బుద్ధి లేదు. సారు గొప్పతనం చెప్పడానికి ఒక పిల్ల కథ ఎత్తుకున్నాడు. తండ్రి బొంబాయికి వలసపోయి పత్తా లేడని, తల్లి పత్తి ఏరే కూలికి పోతుందని, పిల్ల చెప్పులు లేకుండా కాలేజీకి వచ్చేదని, సారు ఫీజు కట్టకపోతే ఈపాటికి పెళ్లయి పోయేదని. కులం పేరుతో సహా, మైకులో. ఆ పిల్ల మూడో వరుసలో ఉంది. చుట్టూ తన క్లాసువాళ్లే. దండ వేయడానికి కూడా ఆమెనే పిలిచారు. వచ్చింది, వేసింది, దిగిపోయింది. ఏడిస్తే నాకు కొంత నయంగా ఉండేది.

ఉల్లిగడ్డ వేరు కొసను నలిపి స్లైడు మీద పరిస్తే, రంగు పట్టిన క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా కనబడేటట్టు చేసే చేయి ఆమెది. బొటనవేలితో కవర్‌స్లిప్ మీద ఎంత నొక్కాలో అంతే నొక్కేది. నేర్పేవాళ్లకే అంత శుభ్రంగా వచ్చేది కాదు. ఆ సభ తర్వాత మాత్రం అందరూ వెళ్లిపోయాకే ల్యాబుకు వచ్చేది. ఎమ్మెస్సీ అప్లికేషన్ ఇంటికి తీసుకుపోయి ఇస్తే ముట్టుకోలేదు. "మళ్ల ఏ సారు ఫీజు కడితే ఏ మైకుల చెప్తరో, వద్దు మేడం" అన్నది. ఇప్పుడు అచ్చంపేటలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. సంసారం బాగానే ఉంది. అయినా ఆ స్లైడ్లు గుర్తొస్తే నాకు మనసు మనసులో ఉండదు.

సారు సంగతి వినలేదు నువ్వు. కప్పిన శాలువా మడిచి కుర్చీ మీదే పెట్టి వెళ్లిపోయాడు. ఆయన చేసిన అసలు పని ఆ పత్రంలో ఒక్క ముక్క లేదు. మా కాలేజీలో ప్రాక్టికల్స్ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. అడవి దిక్కు ఊళ్లకు ఆఖరి బస్సు నాలుగున్నరకు. ఆ ఊళ్ల ఆడపిల్లలు సైన్సు గ్రూపు జోలికే వచ్చేవాళ్లు కాదు, వచ్చినా ప్రాక్టికల్ సగంలో లేచి పరుగెత్తేవాళ్లు. సారు ప్రిన్సిపాల్‌తో తగువుపడి, మిగతావాళ్లు మూతులు ముడుచుకున్నా లెక్కచేయకుండా, ప్రాక్టికల్స్ పొద్దుటి పూటకు మార్పించాడు. రెండు మూడేళ్లలో బీజెడ్సీ హాజరు పట్టీలో ఆ ఊళ్ల పేర్లు కనబడ్డాయి. సన్మాన పత్రంలో ఆ టైమ్‌టేబుల్ చదివితే సరిపోయేది. ఎవరింటి గుట్టూ బయటపడేది కాదు.

అందుకే మీ నామినేషన్ ఫారంలో "ఎందరు పేద విద్యార్థులను ఆదుకున్నారు" అని అడగొద్దు. మీ ల్యాబులో ఏం మార్చారు అని అడగండి. మీ పని ఇప్పుడు సగం కంప్యూటర్ మీదేనంటావు కదా. బైపీసీ నుంచి వచ్చి లెక్కలన్నా, లినక్స్ అన్నా బెదిరిపోయే పిల్లలకు ఎవరు కూర్చోబెట్టి కోడింగ్ నేర్పారు? ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రాకపోతే గది కిరాయికి ఏ ఏర్పాటు చేశారు? ఊళ్లలో తిరిగి రక్తం తెచ్చిన కుర్రాడి పేరు పేపర్లో రచయితల వరసలో ఉందా, చివర కృతజ్ఞతల్లో పడేశారా? కాన్పు తర్వాత తిరిగొచ్చిన అమ్మాయికి అదే ప్రాజెక్టు దక్కిందా? కొత్త పేపర్లు చదివి చర్చించే జర్నల్ క్లబ్‌లో ఇంగ్లిష్ తడబడితే ఎవరు నవ్వారు, ఎవరు ఆపారు? ఈ చివరిది రుజువు చూపించలేరు, తెలుసు. అయినా అడగండి.

ఏ విద్యార్థి సంగతైనా రాయాల్సి వస్తే ముందు ఆ విద్యార్థికి చూపించండి. రక్తం తీసేటప్పుడు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిస్తారు, కథ తీసుకునేటప్పుడు ఎందుకు పెట్టించరు? అరిజోనాలో హవసుపాయి అనే ఆదివాసీల దగ్గర 1990లో మధుమేహం పరిశోధన అని రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తం మీద మానసిక జబ్బుల గురించి, వాళ్ల పూర్వీకుల వలసల గురించి వెతికారు. కోర్టుకెక్కితే 2010లో రాజీ కుదిరింది, యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు కట్టి మిగిలిన రక్తం వెనక్కి ఇచ్చింది. మైకులో చదివేసిన మాటను అట్లా వెనక్కి ఇచ్చే వీలు కూడా లేదు. మీ తాత పాలమూరు లేబర్‌గా డ్యాములకు మట్టి మోసిన సంగతి నువ్వే మొన్నెక్కడో సభలో చెప్పావట. మంచిదే. నీ నోటితో నువ్వు చెప్పావు, ఎక్కడ ఆపాలో నీ చేతిలో ఉంది.

ఇంకొకటి. నీకు కోపం వస్తే రానీ. మొదటి ఏడే మీ గైడ్ మేడంకు ఇవ్వకు. ఆమె అర్హురాలే, నీకు జ్వరమొస్తే హాస్టల్‌కు కిచిడీ పంపిన మనిషి, నేనెట్లా కాదంటాను? కానీ నీ థీసిస్ ఇంకా ఆమె బల్ల మీదే ఉంది. కాకా పడుతున్నావని ఒకరంటారు, నీ డిగ్రీ అట్లా వచ్చిందని పదేళ్ల తర్వాత ఇంకొకరంటారు. మన పిల్లలకు వచ్చింది ఏదైనా ఎట్లా వచ్చిందని ఆరా తీసేవాళ్లకు కొదవ లేదు. వైవా అయిపోయాక ఆమె పేరు పెట్టు, నేనే ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాను. ఎంపిక చేసేవాళ్లలో మీ సంస్థవాళ్లు కానివాళ్లు సగం మందన్నా ఉండాలి. ఒక ల్యాబ్ టెక్నీషియన్‌నూ కూర్చోబెట్టండి, ల్యాబులో ఎవరు ఎవరితో ఎట్లా ఉంటారో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

రాత్రుళ్లు మేలుకుని ఈ పనులు పెట్టుకోకు. గొంతు బొంగురుపోయిందని మీ అమ్మ చెప్పింది, వేడినీళ్లు తాగు. సన్మాన పత్రం ముసాయిదా ముందు నాకు వాట్సాప్ చెయ్యి, కొట్టివేతలు ఎక్కువైనా ఏమనుకోకు. ఖర్చులో నా వంతు పింఛన్ పడగానే వేస్తాను. ఆ డబ్బు శాలువాకు వాడొద్దు. ఆ రోజు దూరం ఊళ్ల నుంచి వచ్చే డిగ్రీ పిల్లలకు బస్సు చార్జీలకు వాడండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ