1,480 ఉల్లేఖనాలా, 1,480 సార్లా?

సందేహం: మా ఆచార్యులవారి పదవీ విరమణ సంచికకు పరిచయం రాస్తున్నాను. ఆయన పని ప్రజారోగ్యంలోనూ పట్టణ అధ్యయనాల్లోనూ ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్న వివరాలు చూసి ఇలా రాశాను: ‘ఆరోగ్య మరియు పట్టణ అధ్యయనాల అంతటా ఆచార్యులవారి పరిశోధనా ఉత్పత్తి 62 ప్రచురణలను కలిగి ఉంది మరియు 1,480 ఉల్లేఖనాల ప్రభావాన్ని, 18 హెచ్-ఇండెక్స్‌ను కలిగి ఉంది.’ చదివినవాళ్లు ఏమీ బోధపడలేదంటున్నారు. ‘సైటేషన్’కు పెట్టిన ‘ఉల్లేఖనం’ తీసి ‘ఉటంకింపు’ పెడితే సరిపోతుందా? ‘పట్టణ’ అనాలా, ‘నగర’ అనాలా?

సమాధానం: ఉటంకింపు పెట్టినా ఆ వాక్యం బాగుపడదు. ఎవరు రాశారు, ఎవరు పేర్కొన్నారు, ఏది లెక్కపెట్టారు అన్న మూడూ అందులో కనబడడం లేదు. ‘కలిగి ఉంది’ అన్న ఒక్క క్రియ మీదే బరువంతా వేశారు. వ్యాసాలు రాస్తారు, అచ్చవుతాయి, ఇతరులు వాటిని పేర్కొంటారు. ఈ పనులన్నిటికీ తెలుగులో చక్కని క్రియలున్నాయి. ‘ఉత్పత్తి’ని సిమెంటుకూ పాలకూ వదిలేయండి. ‘62 పరిశోధన వ్యాసాలు ప్రచురించారు’ అంటే చాలు. ఇక్కడే ఇంకో మాట: ‘పరిశోధనా’ అని దీర్ఘం అక్కర్లేదు. సంస్కృతంలో అది ‘పరిశోధనం’, కాబట్టి సమాసంలో ‘పరిశోధన వ్యాసం’ అనే రావాలి.

‘అంతటా’ ఊరికీ దేశానికీ నప్పుతుంది, అధ్యయన రంగాలకు నప్పదు. దాని బదులు ‘ఆరోగ్య రంగంలోనూ పట్టణ అధ్యయనాల్లోనూ 62 వ్యాసాలు’ అంటే మరో చిక్కు వస్తుంది: రెండూ కలిపి 62 అనా, ఒక్కొక్క దానిలో 62 అనా? తెలుగులో దీనికి రెండు చిన్న మాటలున్నాయి, ‘కలిపి’, ‘చొప్పున’. ఏదో ఒకటి తప్పనిసరిగా వాడండి. రంగాలవారీగా విడదీసి చెప్పాలంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. మురికివాడల్లో వడదెబ్బ మీద రాసిన వ్యాసం రెండు రంగాలకూ చెందుతుంది. ప్రజారోగ్యంలో 40, పట్టణ అధ్యయనాల్లో 30 అని రాసి, మొత్తం 62 అంటే పాఠకుడు కూడిక తప్పనుకుంటాడు. ‘వీటిలో ఎనిమిది రెండు రంగాలకూ చెందినవి’ అని చేర్చాలి. ఈ రెండు రంగాల కలయిక కొత్తదేమీ కాదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరాకు నీటి పంపును అనుమానించి, మరణాలను వీధి పటం మీద గుర్తించిన వైద్యుడు జాన్ స్నో పనిని రెండు రంగాలవాళ్లూ తమదే అంటారు.

ఇక 1,480 సంగతి. మీ వాక్యంలో ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. ‘ఆయన వ్యాసాలను 1,480 మంది ఉటంకించారు’ అని పత్రికల్లో తరచు కనిపిస్తుంది. అది తప్పు. పేర్కొన్న రచన ఒకటే అయినా దానికి పదిమంది రచయితలుండవచ్చు. ఒకే రచయిత పది రచనల్లో పేర్కొనవచ్చు. ఈ లెక్కలో మనుషులు రారు. ‘1,480 సార్లు పేర్కొన్నారు’ కూడా సరికాదు. ఒక రచన లోపల ఆయన వ్యాసాన్ని అయిదు చోట్ల ప్రస్తావించినా, చివర ఆకరాల (రిఫరెన్సుల) పట్టికలో అది ఒక్కసారే ఉంటుంది, లెక్కలోకి ఒకటిగానే వస్తుంది. పోనీ ‘1,480 రచనల్లో పేర్కొన్నారు’ అందామా? విడి వ్యాసం గురించి చెప్పేటప్పుడు అదే సరైన వాక్యం. కానీ ఒక పరిశోధకుడి మొత్తం లెక్కకు అది పనికిరాదు. ఒకే రచన ఆయన వ్యాసాలు మూడింటిని పట్టికలో చేర్చితే మొత్తంలోకి మూడు వస్తాయి, రచన మాత్రం ఒక్కటే. అందువల్ల మొత్తం చెప్పే చోట ‘1,480 ఉల్లేఖనాలు’ అన్న నామవాచకమే క్షేమం. మొదటిసారి వాడినప్పుడు ‘ఒక రచన ఆకరాల పట్టికలో మరో రచన చేరితే ఒక ఉల్లేఖనం’ అని ఒక ముక్క రాయండి. ‘సైటేషన్’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు, పరిశోధకులంతా అనే మాటే అది. అయితే మీది సన్మాన సంచిక. సభలో చదివి వినిపించే ప్రశంసాపత్రాన్ని కూడా సైటేషన్ అనే అంటారు కాబట్టి ‘1,480 సైటేషన్లు అందుకున్నారు’ అంటే చదివేవాళ్లు శాలువాలు లెక్కపెట్టుకుంటారు! ‘ఉటంకింపు’తో ఇబ్బంది వేరు. దాన్ని చూడగానే ఇతరుల వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం గుర్తుకొస్తుంది. ఇక్కడ వాక్యాలేవీ ఎత్తి రాయనక్కర్లేదు, పట్టికలో పేరు చేరితే చాలు.

‘ప్రభావం’ విషయంలో నేను గట్టిగానే చెబుతాను, తీసేయండి. ‘ఆరోగ్యంపై ప్రభావం’ అనగానే మనకు పొగ, ఎండ, కల్తీ నూనె తలపుకొస్తాయి. పైగా ఉల్లేఖనాన్ని ప్రభావం అనడంలో కాస్త అతి ఉంది. ఖండిస్తూ పేర్కొన్నా అది లెక్కలోకే వస్తుంది. టీకాకూ ఆటిజానికీ సంబంధం అంటగడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. దానికి ఉల్లేఖనాలు కుప్పలుగా ఉన్నాయి, తప్పుపడుతూ పేర్కొన్నవే ఎన్నో. అందుకని ‘ఆధారం చేసుకున్నారు’, ‘అనుసరించారు’ అని కూడా రాయకండి. ‘పేర్కొన్నారు’ అంటే మొగ్గు లేకుండా ఉంటుంది. అలాగే ‘ఇతరులు పేర్కొన్నారు’ అనే ముందు, ఆయన తన పాత వ్యాసాలను తానే పేర్కొన్నవి తీసేశారో లేదో చూసుకోండి. ఉల్లేఖనాలను లెక్కగట్టే స్కోపస్ జాబితాలో వాటిని మినహాయించే వీలుంది. పరిశోధన రచనల్ని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఆయన పేజీలో కనిపించే మొత్తంలో అవీ కలిసే ఉంటాయి.

ఒకరి వ్యాసాల సంఖ్యనూ వాటి ఉల్లేఖనాలనూ కలిపి ఒకే అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. దాన్ని ఒక్క వాక్యంలో చెప్పడానికి తెలుగులో చక్కని సదుపాయం ఉంది. అదే ‘ఏసి’: రెండేసి, నాలుగేసి, పదేసి. ఒకరి వ్యాసాలు ఆరింటికి ఉల్లేఖనాలు వరుసగా 40, 12, 7, 4, 2, 1 అనుకుందాం. పెద్ద అంకె నుంచి దిగుతూ రండి. నాలుగో వ్యాసానికి నాలుగున్నాయి, అయిదో దానికి అయిదు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ‘నాలుగు వ్యాసాలకు నాలుగు ఉల్లేఖనాలు’ అంటే నాలుగింటికీ కలిపి నాలుగే అనిపిస్తుంది. ‘నాలుగు వ్యాసాలకు కనీసం నాలుగేసి ఉల్లేఖనాలు’ అంటే ఇక అనుమానానికి తావులేదు. గూగుల్ స్కాలర్‌లో కనిపించే ఐ10 కూడా అంతే, కనీసం పదేసి ఉల్లేఖనాలున్న వ్యాసాల సంఖ్య. పై లెక్కలో అది 2. ‘కనీసం’ మాత్రం మరవకండి. అంకె పక్కన ‘18ఏసి’ అని అతికించకుండా ‘పద్దెనిమిదేసి’ అని అక్షరాల్లోనే రాయండి.

‘ఆయన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 6’ అని ఎవరైనా రాసిస్తే కొట్టేయండి. అది పత్రికకు ఉండేది, మనిషికి కాదు. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన రచనలకు ఈ ఏడాది దక్కిన ఉల్లేఖనాలను, ఆ రెండేళ్ల వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. మనుషుల్ని దానితో తూచవద్దని పరిశోధనను ఎలా మదింపు చేయాలన్న 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగానే చెప్పింది.

రెండు రంగాల అంకెల్ని పక్కపక్కన పెట్టి ‘ఆరోగ్యంలోనే ఎక్కువ పేరొచ్చింది’ అని తీర్పివ్వడం కూడా తగదు. వైద్య, ఆరోగ్య రచనలకు ఆకరాల పట్టికలు పొడుగు, రాసేవాళ్లూ ఎక్కువ. పట్టణ అధ్యయనాల్లో పుస్తకాలకూ నివేదికలకూ చోటెక్కువ, వాటిలో చాలావాటిని ఈ లెక్కల జాబితాలు పట్టుకోవు. రంగాన్నీ ఏడాదినీ రచన రకాన్నీ బట్టి సవరించిన లెక్క ఒకటి స్కోపస్‌లో ఉంది. అందులో 1 అంటే ప్రపంచ సగటు. 1.5 వస్తే ‘సగటుకు ఒకటిన్నర రెట్లు’ అనాలి. ‘సగటు కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ’ అన్నారో, అది 2.5 అయి కూర్చుంటుంది. ఈ పొరపాటు వార్తల్లో రోజూ చూస్తున్నదే.

‘పట్టణ’, ‘నగర’ రెండూ కావాలి. గ్రామానికి ఎదురుగా చెప్పేటప్పుడు, శాస్త్రం పేరు చెప్పేటప్పుడు ‘పట్టణ’. పట్టణాభివృద్ధి శాఖ పరిధిలోకి హైదరాబాదు కూడా వస్తుంది కదా. 2011 జనగణనలో మున్సిపాలిటీ వంటి చట్టబద్ధ హోదా లేని ఊరు పట్టణంగా లెక్కకు రావాలంటే కనీసం 5,000 జనాభా, ప్రధాన వృత్తిలో ఉన్న మగవారిలో 75 శాతమైనా వ్యవసాయేతర పనుల్లో ఉండడం, చదరపు కిలోమీటరుకు 400 మంది జనసాంద్రత కావాలి. ఒక్క విశాఖ మీదో విజయవాడ మీదో చేసిన పని అయితే ‘నగరం’ అనండి. ‘పట్టణారోగ్యం’ అని సంధి చేయవచ్చు గానీ, ఆరోగ్యం ఊరిదా మనుషులదా తేలదు. ‘పట్టణవాసుల ఆరోగ్యం’ మేలు.

మీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: ‘ప్రజారోగ్యం, పట్టణ అధ్యయనాలు రెండింటిలో కలిపి ఆచార్యులవారు 62 పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. గూగుల్ స్కాలర్ ప్రకారం గత నెలాఖరుకు వీటికి 1,480 ఉల్లేఖనాలు వచ్చాయి. ఆయన హెచ్-ఇండెక్స్ 18, అంటే ఆయన వ్యాసాల్లో పద్దెనిమిదింటికి కనీసం పద్దెనిమిదేసి ఉల్లేఖనాలున్నాయి.’ ‘గత నెలాఖరుకు’ ఉన్నచోట నెల, ఏడాది పేరు పెట్టండి. ఎక్కడి లెక్కో, ఏనాటిదో చెప్పని అంకెకు విలువ లేదు. స్కోపస్‌లో చూస్తే ఇదే అంకె తక్కువగా కనబడవచ్చు. గూగుల్ స్కాలర్ పేజీలో రెండు నిలువు వరసలుంటాయి, మొత్తానిది ఒకటి, ఇటీవలి అయిదేళ్లది ఒకటి. ఒక అంకె ఇందులోంచీ మరొకటి అందులోంచీ తీసినవాళ్లున్నారు.

అచ్చుకిచ్చే ముందు వ్యాసాల జాబితాను ఆచార్యులవారికే చూపించండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఉల్లేఖనాల లెక్కల జాబితాలు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో చివర రావు, రెడ్డి, కుమార్ ఉన్నవాళ్లు పొడి అక్షరాలు కలిస్తే ఒకరిలో ఒకరు కలిసిపోతారు. ఒకే మనిషి రెండు పేర్లుగా చీలిపోవడమూ ఉంది. ఆయనకు పరిశోధకుల గుర్తింపు కోసం ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ సంఖ్య ఉంటే దానితో సరిచూడడం తేలిక. 62లో ఇతరులవి నాలుగు దొర్లితే హెచ్-ఇండెక్స్ కూడా మారవచ్చు.

చివరగా, విభక్తి. ‘హెచ్-ఇండెక్స్ 18కి చేరింది’ అనే రాయండి, ‘18కు’ కాదు. పద్దెనిమిది ఇకారంతో ముగుస్తుంది. 62 దగ్గర మాత్రం ‘62కు’, అరవై రెండు ఉకారాంతం కనుక.