దుబాయి నుండి ఇక వచ్చేయాలా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో కోరుట్ల దగ్గరి పల్లె. దుబాయిలో 17 ఏళ్లుగా ఒకే కంపెనీలో ఏసీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మూల వేతనం 2,000 దిర్హాములు, వయసు 44. పాప ఇంటర్, బాబు ఎనిమిదో తరగతి. ఇల్లు కట్టిన అప్పులో మూడు లక్షలు ఇంకా నూటికి రెండు రూపాయల మిత్తి మీద ఉంది. నాన్నకు చేతనవడం లేదు. వీసా క్యాన్సిల్ చేయించుకొని వచ్చి, మిత్రుడితో కలిసి ఎరువుల దుకాణం పెడదామని ఆలోచన. నా భార్య 'మీ ఇష్టం' అంటోంది. రావాలా, ఇంకో ఐదేళ్లు ఉండాలా?

జవాబు: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అంటూ తరతరాలుగా బతుకుదెరువు వెతుక్కున్న ప్రాంతం మనది కనుక, మీ ప్రశ్న మీ ఒక్కరిది కాదు. రమ్మనే నా సలహా. అయితే వీసా క్యాన్సిల్ చేయించుకొని కాదు, ముందు సెలవు మీద రండి.

ఇంకో ఐదేళ్లకు మీ బాబు ఇంటర్ కూడా దాటిపోతాడు, మీకు 49 ఏళ్లు వస్తాయి. ఎండాకాలంలో మేడల మీద ఔట్‌డోర్ యూనిట్లు విప్పే పని ఆ వయసులో ఎంత కష్టమో నాకంటే మీకే బాగా తెలుసు. పైగా మొదట ఇల్లు, తర్వాత అప్పు, ఆ తర్వాత పిల్ల పెళ్లి అంటూ గడువు జరుగుతూ పోవడం మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో చూడలేదు!

ఇక డబ్బు లెక్క. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల, ఆ పైన ఏడాదికి 30 రోజుల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి. అంటే మీకు మొత్తం 465 రోజుల వేతనం, సుమారు 31,000 దిర్హాములు. దిర్హాముకు 23 రూపాయలు వేసుకున్నా ఏడు లక్షలు దాటుతుంది. ఈ లెక్క అలవెన్సులు కలిపిన జీతం మీద కాకుండా, చివరి మూల వేతనం మీదే కడతారు. మీరే రాజీనామా చేసినా ఇప్పుడు కోత ఉండదు, ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో బాకీలన్నీ చెల్లించాలి. ఆ డబ్బుతో మొదట తీర్చవలసింది మిత్తి అప్పే, ఎందుకంటే నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు దానికే పోతున్నాయి.

మిగిలే నాలుగు లక్షలు ఎరువుల దుకాణంలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ వ్యాపారం ఉద్దెర మీద నడుస్తుంది. వానాకాలంలో ఇచ్చిన బస్తాల పైసలు వడ్లు అమ్ముడుపోయాక గానీ చేతికి రావు, పంట దెబ్బతింటే అప్పుడూ రావు. సరుకు తెచ్చిన డీలరు మాత్రం ఆగడు. లైసెన్సు మిత్రుడి పేర, పెట్టుబడి మీ పేర ఉంటే తేడా వచ్చిన రోజున స్నేహమూ మిగలదు. మీ చేతిలో 17 ఏళ్ల పనితనం ఉంది. ఎండాకాలం మండిపోయే జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల పట్టణాల్లో ఆసుపత్రులకు, బ్యాంకులకు, ఫంక్షన్ హాళ్లకు గ్యాస్ నింపి, కంప్రెసర్ మార్చి, బిల్లు రాసిచ్చే నమ్మకమైన మనిషి అవసరం ఉంటుంది. పనిముట్లకు, ఒక బండికి నాలుగు లక్షలు కూడా అక్కర్లేదు. వేసవి దాటితే గిరాకీ పడిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్ల పని కూడా చేతిలో ఉంచుకోవాలి.

మీ భార్య మాట గురించి ఎక్కువగా ఆలోచించాను. ఇన్నేళ్లూ బడి ఫీజులు, మహిళా సంఘం కిస్తీలు, మీ నాన్నగారి మందులు, ఇంటి మేస్త్రీతో బేరాలు అన్నీ ఆవిడే చూసుకున్నారు. మీరు వచ్చాక ఆ పెత్తనం ఒక్కసారిగా మీ చేతికి పోతుందేమోనన్న బెంగ ఉండవచ్చు, నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుందన్న భయమూ ఉండవచ్చు. ఫోన్‌లో పిల్లల ముందు ఇవి చెప్పుకోలేరు. వచ్చినప్పుడు ఇద్దరూ కూర్చొని ఇంటి ఖర్చు కాగితం మీద రాయండి, లెక్కలు ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి.

యూఏఈ బయట ఆరు నెలలు దాటి ఉంటే సాధారణంగా రెసిడెన్స్ వీసా చెల్లదు. అందుకని ఫిబ్రవరి నుండి మే దాకా ఉండేలా సెలవు అడిగి, ఆ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. జీతం లేని సెలవు రోజులు గ్రాట్యుటీ లెక్కలోకి రావని గుర్తుంచుకోండి. ఆ నాలుగు నెలలూ ఊళ్లో ఏసీల పని చేసి, ఖర్చులు పోను ఎంత మిగిలిందో చూడండి. అది ఇంటి ఖర్చుకు సరిపోతే తిరిగి వెళ్లి, నోటీసు ఇచ్చి, అనుభవ పత్రం, బాకీల చెల్లింపు కాగితాలు చేతికి వచ్చాకే క్యాన్సిల్ మీద సంతకం పెట్టండి. స్థిరపడటానికి వచ్చాక, విదేశాల్లో పనిచేసేవారికి ఇచ్చే ఎన్ఆర్ఈ బ్యాంకు ఖాతా మీకు ఉంటే, దాన్ని మామూలు ఖాతాగా మార్చమని బ్యాంకులో చెప్పండి. కంపెనీ బీమా పోతుంది కనుక, రేషన్ కార్డు ఉంటే అందులో మీ పేరు ఉందో లేదో ఈ సెలవులోనే చూసుకోండి, 10 లక్షల దాకా ఆరోగ్యశ్రీ వైద్యానికి ఆ కార్డే ఆధారం.