డాక్‌వ్యూలో ట్యాబ్ మారిస్తే స్క్రోల్ పోతోంది, మ్యాప్ బూడిద రంగులోకి వస్తోంది: ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) యాప్‌లో డాక్‌వ్యూ పెట్టారు, అంటే స్క్రీన్‌ను లాగి మార్చుకునే ప్యానెళ్ళుగా, ట్యాబ్‌లుగా పంచే లైబ్రరీ. ట్యాబ్ మార్చి వెనక్కి వస్తే లిస్ట్ మళ్ళీ పైకి పోతోంది, ఐఫ్రేమ్‌లోని (పేజీలో పొదిగిన మరో పేజీ) రిపోర్ట్ మొదటి నుంచి లోడ్ అవుతోంది, మ్యాప్ సగం బూడిదగా ఉంటోంది. పేజీ రిఫ్రెష్ చేస్తే లేఅవుట్ ఉండట్లేదు. లారీల ట్రాకింగ్ డాష్‌బోర్డ్ ఒకటి కడుతూ నేను ఇవన్నీ పడ్డాను, కాబట్టి నాకు పనిచేసింది చెప్తాను.

స్క్రోల్, ఐఫ్రేమ్ రెండింటికీ కారణం ఒకటే. కనబడని ట్యాబ్‌లోని ప్యానెల్‌ను డాక్‌వ్యూ మామూలుగా డామ్ (బ్రౌజర్ దగ్గర ఉండే పేజీ ఎలిమెంట్ల చెట్టు) నుంచి తీసేస్తుంది. రియాక్ట్ కాంపొనెంట్ మాత్రం బతికే ఉంటుంది, అందుకే యూజ్‌స్టేట్‌తో కాంపొనెంట్ గుర్తుపెట్టుకున్న విలువలు పోవు. డామ్ నుంచి తీసి మళ్ళీ పెట్టిన ఐఫ్రేమ్‌ను బ్రౌజర్ కొత్తగా లోడ్ చేస్తుంది. ఆ ప్యానెల్‌ను చేర్చేటప్పుడు రెండరర్ అనే సెట్టింగ్‌ను 'ఆల్వేస్' (ఎప్పుడూ డామ్‌లో ఉంచు) అని ఇవ్వండి, సమస్య తీరిపోతుంది. అన్నిటికీ ఇవ్వకండి. మేం తొందరలో అన్ని ప్యానెళ్ళకూ ఇచ్చాం, కనబడని చార్టులన్నీ డామ్‌లోనే ఉండిపోయి పాత కంప్యూటర్లలో పేజీ బరువెక్కింది. ఐఫ్రేమ్‌కు, పొడుగాటి లిస్ట్‌కు ఇస్తే చాలు.

మ్యాప్ సంగతి: మ్యాప్ చూపే లైబ్రరీ లీఫ్‌లెట్ తన పెట్టె కొలతను మొదట్లో ఒకసారి చూసుకుంటుంది, ఆ తర్వాత బ్రౌజర్ విండో సైజు మారితేనే మళ్ళీ చూస్తుంది. ప్యానెల్ అంచును లాగితే దానికి తెలియదు. మ్యాప్ ఉన్న డివ్ మీద రీసైజ్ అబ్జర్వర్ (ఎలిమెంట్ కొలత మారితే చెప్పే బ్రౌజర్ సౌకర్యం) పెట్టి, కొలత మారినప్పుడల్లా లీఫ్‌లెట్ ఇన్‌వాలిడేట్‌సైజ్ పిలవండి. చార్టుల లైబ్రరీ ఈచార్ట్స్ వాడితే దానికి రీసైజ్ పిలవండి. వెడల్పు సున్నా వచ్చినప్పుడు మాత్రం వదిలేయండి, అది ట్యాబ్ దాగిందని అర్థం.

లేఅవుట్ సేవ్ చేయడం దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. డాక్‌వ్యూ టుజేసన్‌తో లేఅవుట్‌ను జేసన్ టెక్స్ట్‌గా తీసి బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో పెట్టడం, ఫ్రమ్‌జేసన్‌తో తిరిగి ఎక్కించడం తేలికే. ఒకసారి మేం ఒక కాంపొనెంట్ పేరు మార్చి రిలీజ్ చేశాం. మర్నాడు పొద్దున షిఫ్ట్‌కు వచ్చిన ఆపరేటర్లకు తెల్ల స్క్రీన్! వాళ్ళ బ్రౌజర్‌లో దాగి ఉన్న పాత లేఅవుట్ పాత పేరునే అడుగుతోంది. ఆ టెన్షన్ మీకు వద్దు. జేసన్‌తో పాటు ఒక వెర్షన్ నంబర్ దాచండి, ఫ్రమ్‌జేసన్‌ను ట్రై-క్యాచ్‌లో పెట్టండి, తప్పితే డిఫాల్ట్ లేఅవుట్ ఎక్కించండి. 'లేఅవుట్‌ను మొదటిలా పెట్టు' అనే బటన్ కూడా ఇవ్వండి. మా ఆపరేటర్లు దాన్ని రోజూ వాడతారు.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. యూజర్ ప్యానెల్ మూసేస్తే అప్పుడు కాంపొనెంట్ నిజంగానే పోతుంది, లోపల టైప్ చేసినదీ దానితోనే పోతుంది. ఒక ఆపరేటర్ సగం రాసిన ప్రమాదం రిపోర్ట్ అలాగే పోయింది. ఆమె మళ్ళీ మొదటి నుంచి రాస్తుంటే చూడటానికి చాలా బాధేసింది. అప్పటి నుంచి ఫారమ్ విలువలు, ఎంచుకున్న లారీ, ఫిల్టర్లు అన్నీ ప్యానెల్ బయట, యాప్ అంతటికీ ఉమ్మడి స్టోర్‌లో ఉంచుతున్నాం. ప్యానెల్‌కు ఇచ్చే విలువల్లో (పారామ్స్) ఐడీ తప్ప ఏమీ పంపం.

రెండో మానిటర్ కోసం పాప్‌అవుట్ విండో పెట్టేటట్లయితే, డాక్యుమెంట్‌కు తగిలించిన కీబోర్డ్ షార్ట్‌కట్లు అక్కడ పనిచేయవు, పేజీ బాడీ ఎలిమెంట్‌లోకి పంపే డ్రాప్‌డౌన్ మెనూలు అసలు విండోలో తెరుచుకుంటాయి. మెనూను ఆ ప్యానెల్ ఎలిమెంట్ తాలూకు ఓనర్‌డాక్యుమెంట్ (ఆ ఎలిమెంట్ ఉన్న విండో డాక్యుమెంట్) లోకి పంపితే సరిపోతుంది.

డాక్‌వ్యూ ఉన్న డివ్‌కు ఎత్తు ఇచ్చారో లేదో కూడా చూసుకోండి. ఎత్తు సున్నా అయితే ఎర్రర్ ఏదీ లేకుండానే ఖాళీగా కనిపిస్తుంది. మ్యాప్ ఇంకా సరిగ్గా రాకపోతే ఆ కాంపొనెంట్ కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.