టీచరమ్మకి దక్కని మేకపిల్ల ఏది?

అమ్మా,

వందనాలు. నీ కథ చదివాను. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన చెల్లెలు తిరిగొచ్చిన ఆదివారం సంఘమంతా చప్పట్లు కొడుతుంటే, ఇన్నేళ్ళుగా చర్చిలో పాటలు పాడే క్వయర్‌ని మోసుకొచ్చిన టీచరమ్మ చెప్పులేసుకుని బయటికి వచ్చేస్తుంది చూడు, అక్కడ నా గుండె పట్టేసింది. ఆ తర్వాత పాస్టరుగారు రెండు పేజీల ప్రసంగం చేయడం, ఆవిడ మోకాళ్ళూని ఏడ్చి, దేవుడు తనని మార్చాడని సాక్ష్యం చెప్పడం నాకు నచ్చలేదు. అంతకన్నా బాధపెట్టింది కథతో పాటు నువ్వు రాసిన ఉత్తరం. 'నేను రాజాధిరాజు కూతుర్ని, నా కథ అచ్చవడం నా హక్కు' అన్నావు.

ఈ భాష ఎక్కడిదో నాకు తెలుసు. పొద్దున్నే టీవీ పెట్టినా, యూట్యూబ్ తెరిచినా ఇదే బోధ. వీసా నీది, ఇల్లు నీది, ప్రమోషన్ నీది, నోటితో ప్రకటించుకో, స్వతంత్రించుకో అని. వినేవాళ్ళు పాపం ఆశతో వింటారు, రాకపోతే నా విశ్వాసం చాల్లేదేమో అని కుమిలిపోతారు.

బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం మళ్ళీ తియ్యి. ఇల్లు వదిలి ఆస్తంతా తగలేసి తిరిగొచ్చిన చిన్న కొడుక్కి తండ్రి విందు చేసే కథ అది. మనవాళ్ళు చిన్న కొడుకు దగ్గరే ఆగిపోతారు గానీ, కథంతా పెద్దవాడిలో ఉంది. పొలం నుంచి వస్తూ పాటలూ నాట్యమూ విని లోపలికి వెళ్ళనంటాడు. ఇన్నేళ్ళు సేవ చేశాను, నాకో మేకపిల్లనైనా ఇచ్చావా అని తండ్రిని నిలదీస్తాడు. అంత ఆస్తికి వారసుడు తనని తాను కూలీగా లెక్కేసుకుని బాకీ అడుగుతున్నాడు! నాకు రావాలి, నాకు రావాలి అని లోపల రగిలేవాళ్ళంతా ఇంతేనమ్మా, తమ విలువ తెలియక రగులుతారు. 'నీ వెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు. నావన్నియు నీవి' అంటాడు తండ్రి, విందు వదిలి బయటికొచ్చి మరీ. ఆ మాట విన్నాక వాడు లోపలికి వెళ్ళాడో లేదో యేసుప్రభువు చెప్పలేదు. ఆయన చెప్పకుండా వదిలేసింది నీ పాస్టరుగారు ఎందుకు చెప్పాలి?

అలాగని మనుషుల ముందు నోరు మూసుకోమని నేను అనను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల బాప్తిస్మం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోయింది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మనవాళ్ళు ఇంకా వెనకబడిన తరగతుల్లోని బీసీ-సిలోనే ఉన్నారు. అది అడగాల్సిన హక్కు, గట్టిగా అడగాలి. వినుకొండలో పుట్టిన కవి జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యంలో గబ్బిలం చేత శివుడికి కబురు పంపింది న్యాయం కోసం. తన విలువ తెలిసిన మనిషి గొంతు ఎలా ఉంటుందో అక్కడ విను. దేవుడి దగ్గర బిల్లు పెట్టడం దానికి దగ్గరగా కూడా రాదు.

నా రోజుల్లో ఒక క్రైస్తవ మాసపత్రిక నా కథని తిప్పి పంపింది. తాగుబోతు తండ్రి చివర్లో మనసు మారి రక్షణ పొందలేదట. ఇంకో వారపత్రిక సంపాదకుడు ఏసుపాదం అనే పేరు మార్చమన్నాడు, పాఠకులకి అలవాటు లేని పేరట! మా పేటలో ఇంటికో ఏసుపాదం ఉంటాడు. ఆ ఇద్దరి మీదా నా కోపం ఇంకా చల్లారలేదు. వాళ్ళకి మన మనుషులు అక్కర్లేదు, ఒకరికి సాక్ష్యం కావాలి, ఇంకొకరికి మనం కనపడకూడదు. ముగింపు మార్చలేదు, పేరూ మార్చలేదు. ఎన్నో ఏళ్ళకి ఆ కథ వేరేచోట అచ్చయ్యాక, ఆరాధన అయిపోయి బయటికొస్తుంటే ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని 'ఇంతకీ ఆయన ఆ రాత్రి ఇంటికొచ్చాడా?' అని అడిగింది. ఏ అవార్డూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరితో రాయించాలి అని అడిగావు, అవి తర్వాత. ముందు నీ టీచరమ్మకి దక్కని మేకపిల్ల ఏదో కనిపెట్టు. క్రిస్మస్ సోలో పాటా, కన్వెన్షన్‌లో ముందు వరుస కుర్చీనా, ఏదో ఒక చిన్న వస్తువు, చెప్పుకోడానికి కూడా సిగ్గుపడేంత చిన్నది ఆవిడ మనసులో ఏళ్ళుగా గుచ్చుకుంటూ ఉండాలి. చెల్లెలికి ఒక్క మాటైనా మాట్లాడే అవకాశం ఇవ్వు. చివరి రెండు పేజీలు తీసేసి మళ్ళీ పంపు.