ఉప్పబడిన బావినే పాఠం చేయండి

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు జలవిజ్ఞానం బోధిస్తున్నాను. సూత్రాలన్నీ చక్కగా ఒప్పజెప్పేవారే, మన తీరప్రాంతపు బావుల్లో నీరు ఎందుకు ఉప్పబడుతుందని అడిగితే నోరు విప్పడం లేదు. విద్యార్థి కేంద్రిత బోధన చేయమంటున్నారు. అరవై మంది ఉన్న తరగతిలో, పూర్తి చేయవలసిన సిలబస్‌తో అది సాధ్యమేనా?
— ఒక అధ్యాపకురాలు, నెల్లూరు

జవాబు: తప్పక సాధ్యమే. అయితే సిలబస్ మొత్తాన్ని మార్చబోకండి, ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టండి. విద్యార్థులను బృందాలుగా కూర్చోబెట్టి సెమినార్లు చెప్పించడమే ఈ పద్ధతి అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. కొలవడానికి ముందే ప్రతి విద్యార్థీ తన అంచనాను, దానికి కారణాన్ని కాగితం మీద రాయాలి. కొలత వచ్చాక ఆ అంచనా ఎక్కడ నిలిచిందో, ఎక్కడ వీగిపోయిందో తానే వివరించాలి. ఈ పద్ధతికి ప్రాణం ఇదే.

మీరు అడిగిన ప్రశ్ననే తీసుకోండి. మంచినీటి కంటే సముద్రపు నీరు సుమారు రెండున్నర శాతం బరువు కాబట్టి, భూగర్భ జలమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున ఉన్నచోట మంచినీరు సముద్రమట్టానికి దిగువన దాదాపు 40 మీటర్ల లోతు వరకు ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్‌ల సూత్రం చెబుతుంది. దీన్ని బోర్డు మీద రాయకముందే, మోటార్లు తోడేయడంతో మట్టం 10 సెంటీమీటర్లు పడిపోతే కింది ఉప్పునీరు ఎంత పైకి వస్తుందో ఊహించమనండి. చాలామంది పది సెంటీమీటర్లే అంటారు. నాలుగు మీటర్లని లెక్క తేలినప్పుడు, ఆ సూత్రం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత మైపాడు తీరం వైపు తీసుకువెళ్లండి. ఒక టేపు, నీటి ఉప్పదనాన్ని అంచనా వేసే ఒక విద్యుత్ వాహకత మీటరు చాలు. ఆరేడుగురు చొప్పున బృందాలు చేసి, తీరం నుంచి వేర్వేరు దూరాల్లోని బావులను పంచండి. టేపు బావి ఒర అంచు నుంచి నీటి వరకు ఉన్న లోతునే చూపుతుంది, సముద్రమట్టం నుంచి నీటి ఎత్తును చూపదు. సముద్రమట్టం నుంచి ఒర అంచు ఎత్తును లెవెలింగ్ (ఎత్తుల సర్వే) చేసి తెలుసుకుని, అందులోంచి ఈ లోతును తీసివేయాలని విద్యార్థులే కనిపెట్టేంతవరకు ఆగండి, తొందరపడి చెప్పేయకండి.

అసలైన చర్చ తరగతికి తిరిగి వచ్చాక జరుగుతుంది. ఫలానా బావి ఉప్పబడింది సముద్రం వల్లా, పక్కనున్న రొయ్యల గుంటల నుంచి ఊరిన నీటి వల్లా? తీరానికి ఒకే దూరంలో ఉండి, గుంటలు దగ్గరగా ఉన్న బావినీ లేని బావినీ పోల్చాలనీ, ఈశాన్య రుతుపవనాల వానలకు ముందూ తర్వాతా కొలవాలనీ వారు వాదించుకోవాలి. పైగా ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదనీ, రెండూ కలిసిన పొర ఉంటుందనీ, సూత్రం ఒక సరళీకరణేననీ అప్పుడే వారికి బోధపడుతుంది.

మార్కుల విషయంలో గట్టిగా ఉండండి. తొలి అంచనా తప్పినందుకు మార్కులు తగ్గించారంటే, రెండోసారి పక్కవాడిది చూసి రాస్తారు. అంచనా ఎందుకు మారిందో వివరించే అర పేజీకే మార్కులు ఇవ్వండి.

బావి యజమాని అనుమతి ముందుగా తీసుకుని, ఫలితాన్ని కాగితం మీద రాసి ఆయనకు అందజేయండి. నీటిలో కరిగిన లవణాలెన్నో వాహకత మీటరు అంచనాగా చెబుతుందే తప్ప, ఆ నీరు తాగవచ్చో లేదో చెప్పదని అందులో స్పష్టం చేయాలి. కనిగిరి వైపు నుంచి వచ్చిన విద్యార్థులకు ఇది వెంటనే అర్థమవుతుంది: అక్కడి ప్రజలను బాధించే ఫ్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు. దాన్ని ప్రయోగశాలలోనో, ప్రత్యేకమైన కిట్‌తోనో పరీక్షించవలసిందే.