దర్శి దగ్గర గరుసు నేల, పీహెచ్ 8.4. బత్తాయి పెట్టొచ్చా, జిప్సం వేయాలా?

మీరు రాసింది ఇదీ: దర్శి పక్కన 4 ఎకరాలు కొన్నారు. ఎర్ర గరుసు నేల, ఎక్కడ చూసినా గులకరాళ్లు. సాగర్ కుడి కాలువ నీళ్లు కొన్ని నెలలే వస్తాయి, మిగతా ఏడాదంతా బోరే దిక్కు. భూసార పరీక్షలో పీహెచ్ (నేల పులుపుదా, క్షారపుదా చెప్పే అంకె) 8.4, ఈసీ (కరిగే ఉప్పులు ఎంతున్నాయో చెప్పే అంకె) 0.4, సేంద్రియ కర్బనం 0.3 శాతం అని వచ్చింది. ఎరువుల కొట్లో ఎకరాకు 2 టన్నుల జిప్సం వేయమన్నారు. వేయాలా, ఇందులో బత్తాయి వస్తుందా అని అడిగారు.

జిప్సం ఇప్పుడే కొనకండి. బత్తాయి రావచ్చు, కానీ అంట్లకు అడ్వాన్సు ఇచ్చేముందు రెండు విషయాలు చూసుకోండి. మీ రిపోర్టులో రాళ్లు లేవు, నీళ్లు లేవు. మీ పొలంలో చెట్టు బతుకు ఆ రెండింటి మీదే ఉంటుంది.

నాది నెల్లూరు జిల్లా వింజమూరు వైపు. నాలుగున్నర ఎకరాల బత్తాయి తోట, పలుగురాళ్ల నేల, కాలువ ముఖం చూడని పొలం. పన్నెండేళ్ల కింద నేనూ మీలాగే ఒక కాయితం పట్టుకుని తిరిగాను. దాన్ని చదవడం చేతగాక చాలా పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

ముందు రాళ్ల సంగతి. పరీక్షా కేంద్రంలో మట్టిని ఆరబెట్టి, నలగ్గొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. పైన మిగిలిన రాళ్లు పక్కకు పోతాయి. రిపోర్టులో కనిపించే అంకెలన్నీ జల్లెడ కింద పడ్డ మట్టివే. వాళ్ల తప్పేం లేదు, పద్ధతే అది. కానీ చెట్టు వేరు జల్లెడ పట్టిన మట్టిలో పెరగదు కదా.

అందుకని ఒకసారి ఇంట్లోనే చూశాను. అడుగు లోతు దాకా గడ్డపారతో తవ్వి తీసిన మట్టిని రెండు రోజులు ఎండబెట్టి, 10 కిలోలు తూచి, మా ఆవిడ రవ్వ జల్లెడతో జల్లించాను. (ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి రాలేదు, కొత్తది కొనిచ్చాను.) 4 కిలోల రాయి పైన మిగిలింది. రాయి మట్టికంటే బరువు కాబట్టి జాగా లెక్కన చూస్తే పావు వంతు పైచిలుకు. అంటే నా నేలలో పావు వంతు భాగం వేరుకు తిండీ పెట్టదు, నీళ్లూ దాచదు. మీరూ నాలుగు చోట్ల ఇలా తూచి చూడండి. ఖర్చు లేని పరీక్ష.

ఇది తెలిశాక నేను మొదట మార్చింది డ్రిప్పు టైము. అంతకుముందు నాలుగు రోజులకోసారి గంటలకొద్దీ వదిలేవాణ్ణి. ఒకరోజు నీళ్లు ఆపిన మర్నాడు చెట్టు పక్కన తవ్వితే, రెండడుగుల కింద మట్టి ముద్దగా తడిసి ఉంది, పైన వేర్లున్న చోట అప్పటికే పొడిబారుతోంది. వేసిన నత్రజని కూడా ఆ నీళ్లతోపాటే కిందికి జారిపోయి ఉంటుంది. ఇప్పుడు అదే నీళ్లను రోజూ కొంచెం కొంచెంగా ఇస్తున్నా. ఎరువు కూడా అంతే, ఒకేసారి గుమ్మరించకుండా నాలుగైదు విడతలుగా. ఒక్క మాట: యూరియా పైన చల్లి వదిలేయకండి. పీహెచ్ ఎక్కువున్న నేలలో అది అమ్మోనియా అయి గాలిలో కలుస్తుంది. ఎండపూట పాదు దగ్గర వంగితే ఆ ఘాటు ముక్కుకే తెలుస్తుంది. చల్లితే మట్టి కప్పి వెంటనే తడి ఇవ్వాలి, లేదంటే డ్రిప్పులో వదలాలి.

రాళ్లు ఏరించాలా అని చాలామంది అడుగుతుంటారు. నేను ఏరించాను. మొదటి ఏడాది ఒక ఎకరం ముక్కలో కూలీలను పెట్టి పదహారు ట్రాక్టర్ల రాయి తీయించాను. చూడ్డానికి నున్నగా, పొలంలాగే కనిపించింది, ఫొటోలు కూడా తీసుకున్నా. అక్టోబరులో నాలుగు వానలు పడేసరికి ఆ ముక్క పైన చపాతీలాగా గట్టి పొర కట్టింది. రాళ్లు తీయని పక్క ముక్కలో అంత పొర కట్టలేదు, తడి కూడా రెండు రోజులు ఎక్కువ ఆగింది. పైనున్న గులక వాన దెబ్బను కాచుకుంటుంది, ఎండకు ఆవిరి పోకుండా మూతలా ఉంటుంది. అప్పుడు మా పెదనాయన, "దేవుడు కప్పిన దుప్పటి తీసి గట్టున పడేశావు గదరా" అన్నాడు. కాబట్టి మడకకు, ట్రాక్టరుకు అడ్డమొచ్చే పెద్ద రాళ్లు తీయండి చాలు.

ఇక పీహెచ్. మన మెట్టల్లో పీహెచ్ పెరగడానికి రెండు కారణాలు ఉంటాయి, ఒకటి సున్నం, రెండు సోడియం. సున్నం ఒక్కటే అయితే పీహెచ్ మామూలుగా 8.4, 8.5 దగ్గర ఆగిపోతుంది. అది దాటి పైకి పోతోందంటే సోడియం చేరిందని అనుమానించాలి. ఎండిన మట్టి గుప్పెడు తీసుకుని నిమ్మకాయ పిండండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. తెల్ల సుద్దముక్కలు కనిపిస్తే వాటిని పొడి చేసి దానిమీదా పిండి చూడండి. మీ 8.4, 0.4 అంకెలు చూస్తే నాకైతే సున్నపు నేలలాగే అనిపిస్తోంది. సున్నపు నేలకు జిప్సం వేస్తే పీహెచ్ దిగదు. జిప్సం పని సోడియాన్ని నెట్టి ఆ చోట కాల్షియాన్ని కూర్చోబెట్టడం. నెట్టడానికి సోడియమే లేకపోతే మీ డబ్బు మట్టిలో కలిసినట్టే. అందుకే కొట్టులో చెప్పిన 2 టన్నులు వద్దన్నా.

సున్నపు నేలతో వేరే బాధ ఉంది. ఇనుము, జింకు మట్టిలో ఉన్నా చెట్టుకు అందవు. లేత ఆకు పసుపుపచ్చగా తేలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వలలాగా కనిపిస్తే అది ఇనుము లోపం. నేను మొదట్లో అన్నభేది (ఐరన్ సల్ఫేటు) తెచ్చి పాదుల్లో వేశాను. ఏ మార్పూ లేదు, సున్నం దాన్ని అక్కడికక్కడే పట్టేసింది. లీటరు నీళ్లకు అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం పూట లేత ఆకుల మీద కొడితే పది రోజుల్లో పచ్చదనం తిరిగింది. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాల్సి వస్తుంది. భాస్వరం కూడా సున్నంతో కలిసి బిగుసుకుపోతుంది, అందుకే సూపర్ ఫాస్ఫేటును మాగిన పశువుల ఎరువులో కలిపి వేరు దగ్గరే వేస్తా. జింక్ సల్ఫేటును మాత్రం భాస్వరం ఎరువులతో కలిపి వేయకండి.

ఇప్పుడు అసలు దెబ్బ. మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. సబ్బు బాగా నురగ వస్తుంది, బట్టలు తెల్లగా వస్తాయి. మంచి నీళ్లు పడ్డాయని ఊరంతా చెప్పుకున్నాం. తోటకు ఏడో ఏడు వచ్చేసరికి ఆకు కొసలు మాడడం మొదలైంది. డ్రిప్పరు కింద మట్టి మీద నల్లగా, జిడ్డు తేలినట్టు పొర. వేలితో గీకితే పెచ్చులుగా లేచేది, తడి కిందికి దిగేది కాదు. రెండు శాంపిళ్లు తీసి పంపా. సాళ్ల మధ్య మట్టి పీహెచ్ 8.3, కొన్నప్పటిదే. డ్రిప్పరు కింద 8.9. ఒకే పొలం, ఆరడుగుల దూరం! కారు చవుడును (సోడియం పట్టి బిగిసిన నేలను) కొని తెచ్చుకోలేదు, నా బోరుతో నేనే తయారు చేసుకున్నాను.

అప్పుడు గాని నీళ్లు పరీక్షకు ఇవ్వలేదు. ఆర్‌ఎస్‌సీ (మిగులు సోడియం కార్బొనేటు) అని ఒక లెక్క ఉంటుంది. నీళ్లలోని కార్బొనేట్లు, బైకార్బొనేట్ల మొత్తం నుంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని తీసేస్తే మిగిలేది. అది లీటరుకు 1.25 మిల్లీఈక్వివలెంట్ల లోపు ఉంటే భయం లేదు, 2.5 దాకా జాగ్రత్తగా వాడుకోవచ్చు, ఆపైన ప్రమాదం. నాకు 6 వచ్చింది. బైకార్బొనేటు మట్టిలోని కాల్షియాన్ని పట్టుకుని సున్నంగా కూర్చోబెడుతుంది. మిగిలిన సోడియం బంకమట్టి రేణువులకు అంటుకుని వాటిని విడగొట్టి మెత్తటి పేస్టులా చేస్తుంది. ఈసీ తక్కువ కాబట్టి నాలుకకు ఉప్పదనం తెలియదు, సబ్బు నురగ వచ్చేదీ కాల్షియం తక్కువ కాబట్టే. పొదిలి, కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ తెలిసిందే కదా. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు చాలాసార్లు ఈ రకానివే, సోడియం బైకార్బొనేటు ఎక్కువ, కాల్షియం తక్కువ. మీ బోరులో అదీ చూపించుకోండి. తాగడానికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. డ్రిప్పర్లలో తెల్లగా సున్నం పేరుకుని మూసుకుపోతుంటే అది గట్టి నీళ్ల లక్షణం. దానితో డ్రిప్పుకు చిరాకే గానీ నేలకు ఇంత చేటు లేదు.

జిప్సం నేను వాడింది అప్పుడే. అక్టోబరు వానల ముందు చెట్టుకు 3 కిలోల చొప్పున పాదంతా చల్లి పైపైన తవ్వించాను. వాన నీళ్లు సోడియాన్ని కిందికి కడిగాయి. ఇక్కడ రాళ్ల నేల మేలు చేసింది, నల్లరేగడి అయితే అంత త్వరగా నీళ్లు దిగవు. రెండేళ్లకు డ్రిప్పరు కింద 8.5కు వచ్చింది. ఆ రెండేళ్ల కాపు మాత్రం చిన్న కాయే. నీళ్లనే సరిచేయాలంటే, ఆర్‌ఎస్‌సీలో ఒక్కో అంకె తగ్గించడానికి 1000 లీటర్లకు 86 గ్రాముల స్వచ్ఛమైన జిప్సం కరగాలి. బజారు సరుకులో మట్టి కూడా ఉంటుంది, ఆ మేరకు ఎక్కువ పడుతుంది. డ్రిప్పు పైపుల్లో మాత్రం ఎక్కించకండి, మూసుకుపోతాయి.

మీకు నాకు లేని అదృష్టం ఒకటుంది, కాలువ. కాలువ వచ్చినన్నాళ్లూ బోరు ఆపి, పాదులు నిండా కాలువ నీళ్లు పెట్టండి. బోరు ఏడాదంతా చేసిన చెరుపును అది చాలావరకు కడిగేస్తుంది.

ఇక పనులు. బోరు అరగంట ఆడించి, అదే నీళ్లతో కడిగిన సీసాలో లీటరు పట్టి, గాలి లేకుండా నింపి, అదే రోజు పరీక్షకు ఇవ్వండి. దర్శిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ అడిగితే దారి చెబుతారు. జేసీబీ పెట్టి పొలంలో మూడు చోట్ల నాలుగడుగుల గుంత తీయించండి. మూడడుగుల లోపు గడ్డపార ఖంగుమనే తెల్ల సుద్ద పొర తగిలితే ఆ ముక్కలో బత్తాయి వద్దు, ఉసిరో రేగో పెట్టుకోండి. పొర లేని చోట రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లే అడగండి. ఇలాంటి నేలను జంబేరి (అంట్లు కట్టే మరో రకం నిమ్మ) కంటే అది బాగా ఓర్చుకుంటుంది.

నీళ్ల రిపోర్టు వచ్చాక కార్బొనేటు, బైకార్బొనేటు, కాల్షియం, మెగ్నీషియం అంకెలు ఇక్కడే పెట్టండి. జిప్సం కావాలో వద్దో అప్పుడు లెక్క కట్టి చెబుతా.