1/48 బీఎఫ్ 109 జీ-6: ఆర్‌ఎల్‌ఎం 74, 75, 76 రంగుల్లో ఏది కరెక్టు?

ప్రశ్న: 1/48 స్కేల్‌లో బీఎఫ్ 109 జీ-6 (రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధవిమానం) ప్లాస్టిక్ మోడల్ కడుతున్నాను. కిట్ షీట్ రంగుల నంబర్లు 74/75/76 అంటోంది. ఫొటోలు చూస్తే కొన్ని బూడిద రంగులో, కొన్ని పూర్తి ఆకుపచ్చగా ఉన్నాయి. పైగా రెండు కంపెనీల 74 సీసాలు కొంటే రెండూ ఒకేలా లేవు. దేన్ని నమ్మాలి?

జవాబు:

సీసాల సంగతి తర్వాత. ముందు మీరు చేస్తున్నది ఏ విమానమో తేల్చుకోండి: ఏ దళానిది, ఏ నెలలోది, ఏ ఫ్యాక్టరీలో తయారైంది. ఇవి తెలియకుండా ఏ రంగు కరెక్టు అంటే జవాబు ఉండదు.

జీ-6 ఉత్పత్తి 1943 మొదట్లో మొదలైంది. రెగెన్స్‌బుర్గ్‌లో మెస్సర్‌ష్మిట్, లైప్జిగ్‌లో ఎర్లా, వీనర్ న్యూస్టాట్‌లో అక్కడి సంస్థ, ఇలా ప్రధానంగా మూడు చోట్ల కట్టారు. జర్మన్ విమానయాన శాఖ, అంటే ఆర్‌ఎల్‌ఎం, నిర్ణయించిన రంగులు అందరికీ ఒకటే. పైన 74 (ఆకుపచ్చ ఛాయ ఉన్న ముదురు బూడిద), 75 (ఊదా ఛాయ ఉన్న బూడిద), కింద, పక్కలకు 76 (లేత నీలిబూడిద). పక్కల మీద మచ్చలకు ఈ రెండు బూడిదలతో పాటు 02 (ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద) కూడా వాడారు. తేడా వచ్చేది ఆ మచ్చల దగ్గరే. ఒక చోట పెద్ద మబ్బుల్లా ఉంటే ఇంకో చోట చిన్నగా, ఒత్తుగా ఉంటాయి. అందుకే కిట్ బాక్సు మీది బొమ్మ చూసి మచ్చలు వేయకండి. ఆ నంబరు విమానం ఎడమ పక్క ఫొటో ఒక్కటి దొరికినా చాలు.

ఇక ఆకుపచ్చ. 1944 వేసవి ఉత్తర్వులతో 74ని తీసేసి గోధుమ, ఆకుపచ్చ ఛాయల 81, 82 తెచ్చారు. పాత నిల్వలు అయిపోయేదాకా వాడుకోమన్నారు. కొత్త రంగులకు నమూనా అట్టలు మాత్రం వెంటనే వెళ్లలేదు. అందుకే 81 ఒక విమానం మీద గోధుమగా, ఇంకోదాని మీద ఆలివ్ పచ్చగా కనిపిస్తుంది. 83 అనే అంకె నిజంగా ముదురు ఆకుపచ్చదేనా అన్నదాని మీద పరిశోధకుల్లో ఇంకా వాదన నడుస్తోంది. మీరు చూసిన పచ్చటి ఫొటోల్లో చాలావరకు ఇదే విమానంలో చివరి కాలపు రకాలైన జీ-14, జీ-10, కే-4లు అయ్యుంటాయి. 1943 నాటి జీ-6 చేస్తుంటే వాటిని పక్కన పెట్టండి. కిందివైపు పసుపు, ఆకుపచ్చ కలిసినట్టు కనబడే రంగుకు మోడలర్లు ‘84’ అని పేరు పెట్టారు. ఆర్‌ఎల్‌ఎం పట్టికలో ఆ అంకె లేదు.

నలుపు తెలుపు ఫొటోను గుడ్డిగా నమ్మొద్దు. ఆర్థోక్రొమాటిక్ (ఎరుపు కాంతిని పట్టని పాతకాలపు) ఫిల్మ్ మీద పసుపు ముదురుగా, నీలం దాదాపు తెల్లగా పడుతుంది. ఇంజిన్ కింది కవరు పసుపు (04) అని తెలిసిన విమానంలో అది నల్లగా కనిపిస్తే ఫిల్మ్ అలాంటిదే. ఆ ఫొటోలోంచి బూడిదల తేడా తీయొద్దు. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ దగ్గరున్న 163824 నంబరు జీ-6 అరుదైనది, యుద్ధకాలపు అసలు పూత దాని మీద ఇంకా ఉంది. మ్యూజియంలలోని మిగతావాటిలో చాలావాటికి రంగు తర్వాత వేసిందే. కాబట్టి మ్యూజియంలో తీసిన కలర్ ఫొటో కూడా పక్కా ఆధారం కాదు.

ఇప్పుడు సీసాలు. మూడు రంగులూ ఒకే కంపెనీవి తీసుకోండి. ఒకరి 74 పక్కన ఇంకొకరి 75 పెడితే వాటి మధ్య తేడా చెడుతుంది, మోడల్ మీద ముందు కంటికి కనిపించేది ఆ తేడానే. మిస్టర్ కలర్ లాకర్ రంగుల్లో సీసా నంబర్లు ఇవి: 74కి 36, 75కి 37, 76కి 117, 02కి 60, కాక్‌పిట్ లోపలి 66కి 116. అదే కంపెనీ ఆక్వియస్‌లో వరుసగా హెచ్68, హెచ్69, హెచ్417, హెచ్70, హెచ్416. 75 చూడగానే వంకాయ గుర్తొస్తే ఆ సీసా వద్దు. ఊదా ఛాయ ఉందా లేదా అన్నట్టు మాత్రమే ఉండాలి.

ప్లాస్టిక్ ముక్క మీద బూడిద ప్రైమర్ కొట్టి 74, 75 పక్కపక్కన వేయండి. సగం మీద గ్లాస్ (మెరిసే) క్లియర్, సగం మీద మ్యాట్ (మెరుపు లేని) క్లియర్ కొట్టాకే నిర్ణయించండి. గ్లాస్ కింద రంగు ముదురుతుంది, మ్యాట్ కింద లేతబడుతుంది. ఆ ముక్కను మొబైల్‌లో నలుపు తెలుపుగా తీసి మీ విమానం ఫొటో పక్కన పెట్టండి. రెండు బూడిదలూ దాదాపు కలిసిపోతే కంగారు పడకండి, అసలు విమానాల మీద కూడా అవి కొంత దూరంలోనే కలిసిపోయేవి. 1/48కి కాస్త లేతగా చేయాలంటే 74లో తెలుపు కాకుండా 75 కొంచెం కలపండి. తెలుపు కలిపితే సున్నం కొట్టినట్టు పాలిపోతుంది.

వరుస ముఖ్యం. తోక ముందుండే పసుపు, తెలుపు పట్టీలు అన్నిటికంటే ముందు. పసుపు కింద తెల్లపూత తప్పనిసరి, బూడిద మీద నేరుగా కొడితే ఆకుపచ్చగా మారుతుంది. అవి టేపుతో కప్పి (మాస్క్ చేసి) 76, తర్వాత 75, దాని మీద 74, చివర్లో మచ్చలు. రెక్కల మీద రెండు బూడిదలు కలిసే అంచు విషయంలో చాలామంది తప్పు చేస్తారు. అసలు విమానం మీద 5 సెంటీమీటర్ల మసక అంచు 1/48లో 1 మి.మీ. మాత్రమే. చేతితో స్ప్రే చేస్తే 3, 4 మి.మీ. వస్తుంది, అంటే అసలు విమానం మీద దాదాపు 15-20 సెం.మీ. బ్లూటాక్‌ను (అతుక్కునే మెత్తటి పుట్టీ) సన్నగా తాడులా చేసి అంచు వెంట పెట్టి కొట్టండి.

మచ్చలకు ఎయిర్‌బ్రష్‌లో 0.2 మి.మీ. నాజిల్, 10-12 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, రంగు ఒక పాలు, థిన్నర్ రెండు పాళ్లు, దూరం 1-2 సెం.మీ. సాలీడు కాళ్లలా పాకితే గాలి ఎక్కువైంది లేదా రంగు మరీ పల్చగా ఉంది. ఇసుక చల్లినట్టు వస్తే దూరం ఎక్కువ లేదా థిన్నర్ త్వరగా ఆరిపోతోంది, నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్‌కు మారండి. ఒక్క మచ్చ చెడితే తుడవకండి, 76తో చుట్టూ సన్నగా కొట్టి మూసేయండి. విశాఖలాంటి తీరప్రాంతాల్లో వానాకాలం లాకర్ రంగులు తెల్లగా మంచు పట్టినట్టు అవుతాయి. ఆ రోజుల్లో ఏసీ గదిలోనే కొట్టాలి.

మిగిలినవి: చక్రాల గూళ్లు, కాళ్లు 02. కాక్‌పిట్ 66. ప్రొపెల్లర్ రెక్కలు నలుపు కాదు, 70 (నలుపుకు దగ్గరైన ఆకుపచ్చ). ప్యానెల్ గీతల్లోకి నల్ల వాష్ (పల్చటి రంగునీళ్లు) వేస్తే 76 మీద మసిగుడ్డతో తుడిచినట్టుంటుంది, బూడిద గోధుమ వాడండి. తోక ముందు పట్టీ పసుపైతే తూర్పు రంగం, తెలుపైతే మధ్యధరా. యుద్ధం చివర్లో జర్మనీ రక్షణ దళాలకు మాత్రం రంగు దళాన్ని బట్టి మారింది (జేజీ అంటే ఫైటర్ దళం): జేజీ 1కి ఎరుపు, జేజీ 27కి ఆకుపచ్చ, జేజీ 53కి నలుపు. 1943 నాటి విమానం మీద ఆ రంగు పట్టీలు వేయకండి.